రోజుకు 60 గడియలు: మన కాలానికి పద్దు రాసుకోవడం ఎలా

మా వంటగది తలుపు పక్కన గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని దాని ముందు నిలబడుతుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ చూసుకున్నాకే మిగతా పని. "పదిన్నర దాకా వర్జ్యం ఉంది, ఆ తర్వాత బయల్దేరు" అంటుంది. వర్జ్యం మీద నమ్మకం ఉందా లేదా అన్నది ఎవరిష్టం వాళ్ళది. నాకు నచ్చింది వేరే సంగతి. ఈ రోజులో ఏ సమయం దేనికి, ఏ సమయంలో ఏది వద్దు అన్నది ఆవిడ రోజు మొదలయ్యేలోపే తేల్చుకుంటుంది. నేను ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళవుతున్నా ఒక్క రోజు కూడా అలా మొదలుపెట్టలేదు.

పంచాంగంలో కాలాన్ని కొలిచేది గడియల్లో. రోజుకు 60 గడియలు. ఒక్కో గడియ 24 నిమిషాలు. పూర్వం అడుగున సన్నని చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలేవారు. అది నిండి మునిగిపోయేసరికి గడియ అయినట్టు లెక్క. గడియారం అన్న మాట కూడా ఆ గడియ నుంచి వచ్చిందే.

కొన్ని నెలలుగా నా రోజును గడియల్లోనే లెక్క వేసుకుంటున్నాను. గంట అనుకుంటే పెద్దదిగా కనిపిస్తుంది, "అంత టైమ్ ఎక్కడుంది" అని ఆ పని మొదలే పెట్టం. నిమిషం మరీ చిన్నది, పోయినా తెలియదు. 24 నిమిషాల్లో మాత్రం ఒక పని పూర్తవుతుంది. పిల్లలతో క్యారమ్స్ ఒక బోర్డు ఆడొచ్చు. అమ్మతో తీరిగ్గా మాట్లాడొచ్చు. పుస్తకంలో పదిహేను పేజీలు చదవొచ్చు. ఎలా మొదలుపెట్టాలో, నాకు ఎక్కడ తేడా వచ్చిందో కూడా కలిపి చెబుతాను.

ముందు ఒక వారం పద్దు రాయండి

పాలవాడి లెక్క, చీటీల లెక్క రాసుకునే పొడుగు నోటుబుక్కు ఒకటి తీసుకోండి. రోజుకు ఒక పేజీ. తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు తెల్లవారుజాము 4 దాకా అరగంటకొక గీత గీస్తే 48 గళ్ళు వస్తాయి. అర్ధరాత్రి నుంచి కాకుండా 4 నుంచి ఎందుకంటే, మనలో చాలామంది రోజు అర్ధరాత్రికి ముగియదు. పడుకుని ఫోన్ చూసే సమయం రెండు తేదీల మధ్య చీలిపోతే లెక్క తేలదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసినప్పుడు కూడా 4 నుంచి 4 దాకానే, అరగంటల లెక్కన అడిగింది.

ప్రతి గడిలో చేసిన పని మూడు నాలుగు మాటల్లో రాయండి. "మెట్రోలో, ఫోన్", "వంట", "టీవీ, కానీ చూడలేదు". రాత్రికి కూర్చుని రోజంతా ఒకేసారి రాద్దామనుకోకండి. మధ్యాహ్నం సంగతులే సాయంత్రానికి గుర్తుండవు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకసారి, సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి రాస్తే సరిపోతుంది. ఏడు రోజులూ రాయాలి. ఆదివారం రూపం వేరు, దాన్ని వదిలేస్తే సగం సంగతి తెలియదు.

ఈ వారంలో మీ అలవాట్లు ఏవీ మార్చకండి. పద్దు బాగా కనిపించాలని బుధవారం నుంచి పుస్తకం చదవడం మొదలుపెడితే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించాల్సిన పని లేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

నా మొదటి వారం పద్దులో ఒక పేజీ నేను రాసింది కాదు. మూడో తరగతి చదివే మా పాప, నేను నోటుబుక్కులో గీతలు గీయడం చూసి తనూ ఒక కాగితం తెచ్చుకుంది. క్యారమ్స్ ఆడదాం రమ్మని పిలిచినప్పుడు నేను "ఐదు నిమిషాల్లో వస్తాను" అంటే, అన్న టైమూ వచ్చిన టైమూ పెన్సిల్‌తో రాసింది. సోమవారం 7:40కి అన్నాను, 8:25కి వెళ్ళాను. బుధవారం 8:05కి అన్నాను, ఎదురుగా ఏమీ రాయలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు రాలేదు కదా నాన్నా, నేను పడుకున్నాను" అంది. ఆ కాగితం ఇప్పటికీ నోటుబుక్కులోనే ఉంది. అందుకే మీక్కూడా చెబుతున్నాను, మీరు "ఐదు నిమిషాలు" అన్న ప్రతిసారీ పక్కన నిజంగా ఎంత పట్టిందో రాయండి. పద్దు మొత్తంలో ఎక్కువ నేర్పేది ఆ అంకెలే.

ఫోన్ లెక్క ఫోన్‌నే అడగండి

ఫోన్ విషయంలో మన జ్ఞాపకాన్ని నమ్మలేం. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నారో అక్కడ ఉంటుంది. వారం చివర ఆ అంకెలు పద్దు పక్కన రాసుకోండి. ఆఫీసు పని ఫోన్‌లోనే చేసేవాళ్ళు ఆ భాగం తీసేసి లెక్క వేసుకోవాలి.

అలాగే కాల్ లిస్టు తెరిచి అమ్మానాన్నలతో, తోబుట్టువులతో ఆ వారం ఎన్ని నిమిషాలు మాట్లాడారో కూడండి. నేను మా అమ్మతో వారమంతా కలిపి మాట్లాడింది 14 నిమిషాలు. రోజూ ఫోన్ చేస్తున్నాననే అనుకునేవాణ్ణి, చేస్తున్న మాటా నిజమే. కానీ ప్రతి కాల్ రెండు నిమిషాలే. "నాన్నా, తిన్నావా?" "తిన్నానమ్మా. మందులు వేసుకున్నావా?" "వేసుకున్నాను." అంతే.

ఇద్దరి పద్దులూ పక్కపక్కన పెట్టండి

ఇప్పుడు అరగంటలను గడియల్లోకి మార్చాలి. నాలుగు అరగంటలంటే 5 గడియలు. నా మామూలు పనిరోజు ఇలా తేలింది. నిద్ర 17, మధ్యాహ్న భోజనంతో కలిపి ఆఫీసు 23, ఉప్పల్ నుంచి రాయదుర్గం రాకపోకలు 6, స్నానం, తిండి వగైరా 4, ఇంటి పని 1. మొత్తం 51. మిగిలింది 9 గడియలు, అంటే మూడు గంటల 36 నిమిషాలు. అందులో ఫోన్ 5, టీవీ 2. తక్కిన రెండింటికి నా దగ్గర లెక్కే లేదు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఆ 9 గడియలతో ఏం చేద్దామా అని సంతోషంగా ఆలోచించేవాణ్ణి. కానీ అదే వారం మా ఆవిడ కూడా పద్దు రాసింది. తనూ ఉద్యోగం చేస్తుంది. తన పద్దులో ఇంటి పని 11 గడియలు, మిగిలింది ఒక్క గడియ.

2024 సర్వేలో దేశం లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉంది. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. గడియల్లో చెప్పాలంటే ఆమెవి 12, అతనివి నాలుగు కూడా కావు. పైగా అసలు ఆ పని చేసేవాళ్ళే ఆడవాళ్ళలో వందకు 81 మందికి పైగా ఉంటే, మగవాళ్ళలో 27 మందే.

అందుకని ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ రాయాలి. ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్ళొద్దని గట్టిగా చెబుతున్నాను. ఒకరి తీరిక ఇంకొకరి చాకిరీ మీద నిలబడి ఉంటే, ఆ తీరికను ఎంత పద్ధతిగా వాడుకున్నా అది న్యాయమైన లెక్క కాదు. నోటుబుక్కులు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇంటి పనులను పేరుపేరునా రాయండి. "సాయం చేస్తాను" అనుకుంటే కుదరదు. సాయం అంటే పని గుర్తుపెట్టుకునే బరువు మళ్ళీ ఆవిడ మీదే ఉంటుంది. పని మొత్తంగా చేతులు మారాలి. మా ఇంట్లో రాత్రి గిన్నెలు, వంటగది గట్టు తుడవడం, పాప స్కూల్ బ్యాగు, ఉదయం టిఫిన్ డబ్బాలు నావయ్యాయి. పాలు, కూరగాయలు, గ్యాస్ బుకింగ్ కూడా నావే. అయిపోయాయని ఎవరూ నాకు చెప్పాల్సిన పని లేదు, నేనే చూసుకోవాలి. దాంతో నా దగ్గర 6 గడియలు మిగిలాయి, తన దగ్గర 4. మొదటి రెండు వారాలు గిన్నెల దగ్గర నాకు రెట్టింపు సమయం పట్టింది, ఇప్పుడు ఒక గడియలో అయిపోతోంది.

అత్తగారో అమ్మగారో ఇంట్లో ఉంటే వాళ్ళ పద్దు కూడా అడిగి రాయండి. మనవలను చూసుకునే పెద్దవాళ్ళకు తీరిక ఉందనుకుంటాం. రాసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మిగిలిన గడియలకు పేర్లు పెట్టండి

మిగిలిన గడియలన్నీ నింపేయకండి. నాకున్న ఆరింటిలో రోజుకు మూడింటికే పేరు పెట్టాను. తక్కినవి ఊరికే ఉంటాయి. ఎవరైనా వస్తారు, కరెంటు పోతుంది, ఒంట్లో బాగుండదు. వాటికీ చోటుండాలి.

పేరు పెట్టడమంటే ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో, ఎక్కడ అన్నీ రాయడం. "పాపతో ఎక్కువసేపు గడపాలి" అని రాసుకుంటే ఎప్పటికీ జరగదు. "మంగళ, గురువారాలు రాత్రి 8కి హాల్లో పాపతో క్యారమ్స్" అని రాస్తే జరుగుతుంది. పద్దు అరగంటల్లో, ఖర్చు గడియల్లో ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. 8 నుంచి 8:30 గడిలో 24 నిమిషాల పని పెడితే ఆరు నిమిషాలు చేతిలో ఉంటాయి. బోర్డు దించడానికి, పౌడర్ చల్లడానికి, కనిపించని స్ట్రైకర్ వెతకడానికి అవి కావాలి. ఆ ఆరు నిమిషాలు వదలకుండా గడిని గడితో అంటించేస్తే రెండో రోజుకే టెన్షన్ మొదలవుతుంది.

ఏ పేర్లు పెట్టాలన్నది ఎవరూ చెప్పలేరు. నేను వేసుకున్న ప్రశ్న ఒకటి చెబుతాను. ఏది రెండేళ్ళు ఆగితే ఇంక చేయడానికి ఉండదు? మా పాప రెండేళ్ళ తర్వాత కూడా క్యారమ్స్ ఆడుదువుగాని రమ్మని నన్ను పిలుస్తుందని చెప్పలేను. మా అమ్మకు 72 ఏళ్ళు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి కానీ జ్ఞాపకం బాగుంది. ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకోవాలన్నది నా చాలాకాలపు కోరిక, అది మాత్రం రెండేళ్ళు ఆగినా ఆగుతుంది. అలా చూసుకుంటే పేర్లు వాటంతటవే తేలాయి.

అమ్మకు ఇప్పుడు ఆదివారం సాయంత్రం 4 నుంచి ఒక గడియ. రోజువారీ రెండు నిమిషాల కాల్ మానలేదు, అది ఆవిడకు ధైర్యం. ఆదివారానికి మాత్రం ముందే ఒక ప్రశ్న సిద్ధం చేసుకుంటాను. ఒక వారం, ఉప్పెనలో మా తాతయ్య వాళ్ళిల్లు ఎలా పోయిందో అడిగాను. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన అది. అంతవరకూ "మీ తాత చాలా కష్టపడ్డాడు" అన్న ఒక్క ముక్కే విని ఉన్నాను. ఆ రోజు రెండు గడియలు మాట్లాడింది. నేను రాసుకున్నాను. మీరు కూడా "ఏంటి సంగతులు" అని అడగకండి, "ఏమున్నాయి, మామూలే" అనేస్తారు. ఒక మనిషి గురించో, ఒక ఇంటి గురించో, ఒక కూర గురించో అడగండి.

ఊరికి వెళ్ళడాన్ని కూడా ఇలాగే ముందుగా పేరు పెట్టి ఉంచాలి. "సెలవు దొరికితే వెళ్దాం" అంటే టికెట్ దొరకదు. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అంటే సంక్రాంతికి నవంబరు మధ్యలోనే. సంవత్సరంలో ఏ నాలుగుసార్లు వెళ్తారో జనవరిలోనే రాసుకుని, రిజర్వేషన్ తెరిచే తేదీలను క్యాలెండర్ మీద చుట్టేయండి. వెళ్ళాక చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగడానికి ఒక పూట చాలు. మిగతా సమయం అమ్మ పక్కన.

ఫోన్‌కు వర్జ్యం

పంచాంగంలో వర్జ్యం దాదాపు 4 గడియలు ఉంటుంది. ఆ సమయంలో మంచి పని మొదలుపెట్టరు. ఎందుకు పెట్టకూడదని ఎవరూ వాదించరు, ఆ తర్వాత చేసుకుంటారు. ఫోన్‌కు కూడా అలా ఒక వర్జ్యం పెట్టండి. మా ఇంట్లో రాత్రి 7:30 నుంచి 9 దాకా. ఫోన్లన్నీ టీవీ పక్క అలమరలో ఉంటాయి, రింగ్ మోగితే మాత్రం తీస్తాం. పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నప్పుడు సైలెంట్‌లో పెట్టడం మంచిది కాదు.

దీనికి ఫోన్‌లో కొన్ని మార్పులు చేసుకుంటే పట్టుదల మీద భారం తగ్గుతుంది. వాట్సాప్‌లో అపార్ట్‌మెంటు గ్రూపు, పాత క్లాస్‌మేట్ల గ్రూపు, శుభోదయం బొమ్మలు వచ్చే గ్రూపులు అన్నింటినీ "ఎప్పటికీ" అన్న ఆప్షన్‌తో మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. గ్రూపులోంచి బయటకు రావక్కర్లేదు, ఎవరి మనసూ కష్టపడదు. రోజుకు ఒకసారి మీరే వెళ్ళి చూస్తారు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది కూడా తుడిచేస్తే హోమ్ పేజీలో వీడియోలు రావడం మానేస్తాయి. అప్పుడు కావలసింది వెతుక్కుని చూస్తారు, చూపించింది చూడరు. నాకు ఎక్కువగా కలిసొచ్చింది ఈ ఒక్క మార్పే. యాప్‌కు రోజుకింతని టైమర్ కూడా పెట్టొచ్చు కానీ, దాన్ని పొడిగించుకోవడం మరీ తేలిక.

రాలేనని చెప్పడం

మన దగ్గర కష్టమైన భాగం ఇదే. మాఘమాసంలో, శ్రావణంలో ప్రతి ఆదివారం ఏదో ఒక శుభకార్యం. వెళ్ళకపోతే ఏమనుకుంటారో అని వెళ్తాం. అక్కడ భోజనం చేసి, ఫొటో దిగి, కవరు ఇచ్చి వస్తాం. రాకపోకలతో కలిపి 10, 12 గడియలు. పిలిచినవాళ్ళతో మాట్లాడింది నాలుగు మాటలు.

నేను పాటిస్తున్న క్రమం చెబుతాను. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే, తప్పకుండా వెళ్తాను, దానికి లెక్క చూడను. దగ్గరివాళ్ళ పెళ్ళికి ముందు రోజే వెళ్తాను, పనిలో చెయ్యి వేయడానికి. మిగతా పిలుపులకు ముందుగానే నేనే ఫోన్ చేసి చెబుతాను. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం మర్యాద కాదు. "పిన్నీ, ఈ ఆదివారం రాలేకపోతున్నాను. వచ్చే శనివారం సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలను చూసి, కాసేపు కూర్చుంటాను" అంటాను. ఆ శనివారం తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ మాటకు ఇంకోసారి విలువ ఉండదు. అలా వెళ్ళిన రెండు ఇళ్ళలోనూ, ఫంక్షన్‌కు వెళ్ళి ఉంటే దొరకని తీరిక దొరికింది.

వారానికొకసారి సరిచూసుకోవడం

ఆదివారం రాత్రి ఒక గడియ ఇద్దరూ నోటుబుక్కు తీయండి. పేరు పెట్టిన గడియల్లో జరిగినవాటికి టిక్కు పెట్టండి. జరగనివాటిని వచ్చే వారానికి బాకీగా మోయకండి. బాకీలు పెరిగితే నోటుబుక్కే తెరవబుద్ధి కాదు. అయితే ఒకటే మూడు వారాలు వరసగా జరగకపోతే, దానికి పెట్టిన సమయం తప్పు. నాకు ఉదయం 5:30 నడక అలా మూడు వారాలు పోయింది. మెట్రో దిగాక ఇంటికి ఆటో మానేసి నడిస్తే అదే గడియ దొరికింది.

నిద్రలోంచి మాత్రం గడియలు తీయకండి. మొదట్లో నేను రాత్రి 11:30 దాకా చదవడం పెట్టుకున్నాను. నాలుగో రోజుకల్లా పాప మీద అరిచాను, ఆఫీసులో ఒక లెక్క రెండుసార్లు తప్పు చేశాను. 17 గడియలే తక్కువ. కుదిరితే 18 చేయండి.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు 4 నుంచి కాకుండా నిద్ర లేచిన దగ్గర్నుంచి పేజీ మొదలుపెట్టుకోవచ్చు. చంటిబిడ్డ ఉన్న తల్లి ఈ పద్దు రాయక్కర్లేదు, ఆ ఇంట్లో మిగతావాళ్ళు రాయాలి. పరీక్షలున్న వారం, ఇంట్లో జ్వరాలున్న వారం పేజీ ఖాళీగా వదిలేసి మరుసటి వారం మళ్ళీ అందుకోండి.

సోమవారం కోసం ఆగవద్దు. ఈ రాత్రి గీతలు గీసి పెట్టుకోండి. రేపు తెల్లవారుజాము 4 గంటల గడిలో చాలామందికి "నిద్ర" అనే ఉంటుంది. అదే రాయండి, పద్దు మొదలైనట్టే.